పనస తొనలు, బంగారు బాణం

సోరోసిస్ అన్న మాట నేను రెండు చోట్ల విన్నాను. మొదటిసారి గుంటూరులో, డిగ్రీ మొదటి సంవత్సరం బాటనీ ల్యాబులో. మేడం గారు పనసపండును బల్ల మీద పెట్టించి, కత్తికీ చేతులకూ నూనె రాసుకుని నిలువునా కోశారు. "ఇది ఒక పువ్వు కాసిన కాయ కాదమ్మా. పూగుత్తి మొత్తం కలిసి ఒకే కాయ అయింది. ఒక్కో తొన ఒక్కో పువ్వు. మధ్యలో ఈ పీచు ఉంది చూశారా, ఇవీ పువ్వులే, ఫలించనివి. ఇలాంటి సంయుక్త ఫలాన్ని సోరోసిస్ అంటారు." రాసుకున్నాం, రికార్డులో బొమ్మ వేశాం, ఆవిడ అటు తిరగగానే తొనలు తినేశాం.

రెండోసారి పదేళ్ల తరువాత, అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని మాన్మత్ అనే చిన్న ఊళ్లో. డెబ్బై ఆరేళ్ల ఒక పెద్దావిడ పాత ఇంటి మెట్ల మీద ఆయాసం తీర్చుకుంటూ, "మా సంఘానికి మొదట్లో పేరు ఐ.సి. సోరోసిస్" అన్నారు. నేను ఆపుకోలేక "పనసకాయ!" అనేశాను. తెలుగులోనే. ఆవిడ అదేదో పొగడ్త అనుకుని థాంక్స్ చెప్పారు.

మాన్మత్‌కు మేం చేరింది 1997 డిసెంబరులో. మావారికి పదహారు మైళ్ల దూరంలో ఉన్న గేల్స్‌బర్గ్‌లో ఉద్యోగం. మాన్మత్‌లో అద్దెలు తక్కువని ఎవరో చెబితే అక్కడ ఇల్లు తీసుకున్నాం. తొమ్మిది వేల జనాభా, చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. మేం వెళ్లేటప్పటికి అవీ లేవు, మంచు ఉంది. కౌబాయ్ కథల్లో వచ్చే వయట్ అర్ప్ పుట్టిన ఊరని ఒక బోర్డు. నాది హెచ్-4 వీసా. ఉద్యోగం చేయకూడదు, జీతం తీసుకోకూడదు, కారు నడపడం రాదు. మావారు పొద్దున్న ఏడింటికి వెళితే సాయంత్రం ఆరింటికి వచ్చేవారు. ఆ పదకొండు గంటలను ఏం చేయాలో తెలియక బియ్యం ఏరేదాన్ని. అమెరికా బియ్యంలో రాళ్లుండవు.

సంక్రాంతి వచ్చింది. వాకిట్లో ముగ్గు వేద్దామని పిండి పట్టుకుని బయటికి వెళ్లాక గానీ తెలియలేదు, మంచు మీద తెల్లపిండి కనిపించదని. పట్టుదలకు పోయి పసుపు, కుంకుమలతో వేశాను. పది నిమిషాల్లో పక్కింటావిడ కర్ర పట్టుకుని, కోటు కూడా సరిగ్గా వేసుకోకుండా వచ్చి తలుపు కొట్టారు. కిటికీలోంచి చూస్తే మంచు మీద ఎర్రగా కనిపించిందట, ఎవరికి దెబ్బ తగిలిందోనని కంగారుపడ్డారట. కుంకుమ అని చెప్పి, లోపలికి పిలిచి టీ ఇచ్చాను. అప్పుడు చూశాను, ఆవిడ స్వెట్టర్ మీద ఎడమ వైపు, గుండె దగ్గర, చిటికెన వేలిలో సగం లేని బంగారు బాణం.

పేరు పెట్టి పిలవమనేవారు. మా అమ్మమ్మ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. "మామ్మగారూ" అని పిలుస్తానని చెప్పాను. ఆవిడకు ఆ ఒత్తు పలకలేదు. తన స్నేహితురాళ్లకు నన్ను పరిచయం చేసేటప్పుడల్లా "నేను ఈ అమ్మాయికి మామగారిని" అని గర్వంగా చెప్పుకునేవారు. దిద్దడం మానేశాను.

ఆ మామ్మగారు మాన్మత్ కాలేజీలో చదివారు. పై బీటా ఫై సభ్యురాలు, ఆ బాణం ఆ సంఘం బ్యాడ్జీ. ఈ పేరు వినగానే నాకు లెక్కల పుస్తకం గుర్తొచ్చి, గణిత సంఘమా అని అడిగాను. కాదు, ఆడవాళ్ల ఫ్రెటర్నిటీ అన్నారు. ఫ్రెటర్నిటీ అంటే అన్నదమ్ముల సంఘం కదా, ఆడవాళ్లకు అదేమిటి అన్నాను. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. వాళ్లు మొదలుపెట్టేనాటికి ఇంకో మాట లేదు! సొరోరిటీ అనే మాట తరువాత పుట్టింది. సిరక్యూస్‌లో 1874లో మొదలైన గామా ఫై బీటా అమ్మాయిల కోసం ఫ్రాంక్ స్మాలీ అనే లాటిన్ పంతులు గారు దాన్ని తయారుచేసి ఇచ్చారు. అంతకు ముందు పుట్టిన సంఘాలు కొన్ని ఇప్పటికీ కాగితాల మీద ఫ్రెటర్నిటీలే. నాకు నవ్వొచ్చింది. మన సౌభ్రాతృత్వం మాత్రం ఏమిటి? అందులోనూ అన్నదమ్ములే కూర్చున్నారు. లాటిన్ ఫ్రాటర్, సంస్కృత భ్రాతృ ఒక చెట్టు కొమ్మలే. లాటిన్‌లో అక్కచెల్లెలు అనే అర్థమున్న సొరోర్‌కు జంటగా స్వసృ ఉన్నా, దాన్నుంచి మనకు అలాంటి మాట పుట్టించి ఇచ్చిన పంతులు గారు లేరు.

వసంతం వచ్చి మంచు కరిగాక, ఊరికే కూర్చునే కంటే తనతో రమ్మన్నారు. ఈస్ట్ ఫస్ట్ అవెన్యూలో హోల్ట్ హౌస్ అని ఒక తెల్ల చెక్క ఇల్లు ఉంది. అక్కడ దుమ్ము దులపడానికి, చూడవచ్చిన వాళ్లకు తలుపు తీయడానికి మనుషులు కావాలి. జీతం లేని పని కాబట్టి నా వీసాకు దోషం లేదు. అలా గుంటూరు పిల్లను నేను, అమెరికా ఆడవాళ్ల మొదటి కాలేజీ ఫ్రెటర్నిటీ పుట్టిన గదిలో చీపురు పట్టాను.

ఆ గది పై అంతస్తులో, నైరుతి మూల. నైరుతి అని చెప్పడానికి కారణం, మా నాన్నగారికి ఫోనులో చెబితే ఆయన మొదట అడిగింది దిక్కే. "నైరుతిలో మొదలైందా, అయితే నిలబడుతుంది" అని తేల్చేశారు. 1867లో మాన్మత్ కాలేజీ పెట్టి పద్నాలుగేళ్లే అయింది. ప్రెస్బిటేరియన్లు పెట్టిన కాలేజీ. మొదటి నుంచీ ఆడపిల్లలను చేర్చుకున్నారు గానీ, ఊళ్లో ఇళ్లు ఉన్న వాళ్లు సరే, బయటి నుంచి వచ్చిన పిల్లలు ఎవరింట్లోనో గది అద్దెకు తీసుకోవాలి. మేజర్ జేకబ్ హోల్ట్ గారింట్లో ఆ గది ఏడా బ్రూయెన్, లిబ్బీ బ్రుక్ అనే ఇద్దరు అమ్మాయిలది. ఏప్రిల్ 28న పన్నెండు మంది ఆ గదిలో చేరారు. వాళ్లలో బ్రౌన్లీ ఇంటి అక్కచెల్లెళ్లు ఇద్దరు. మగపిల్లలకు రహస్య సంఘాలు, బ్యాడ్జీలు, ప్రమాణాలు ఉన్నాయి. మనకెందుకు లేవు అన్నది వాళ్ల వాదం. అదే నమూనాలో ఆడపిల్లలు కట్టుకున్న మొదటి దేశవ్యాప్త సంఘం అదే.

ఆ గదిని మీకు చూపించాలి. ఒక మంచం, మంచం పక్కన కుర్చీ, కిటికీ. పన్నెండు మంది కూర్చోవాలంటే మంచం మీద ఐదుగురు, నేల మీద మిగతా వాళ్లు. అది నాకు లెక్క వేయకుండానే తెలిసింది. మా హాస్టల్ గదిలో పన్నెండు మందిమి ఎలా పట్టేవాళ్లమో అలాగే. కింది నుంచి వార్డెన్ మెట్లెక్కే చప్పుడు వినడానికి ఒకరిని తలుపు దగ్గర కూర్చోబెట్టేవాళ్లం. ఇక్కడ ఆ పని ఎవరు చేశారో! నేను ఊడ్చిన ప్రతిసారీ తలుపు వెనక మూలలో కాస్త ఎక్కువసేపు నిలబడేదాన్ని.

ఐ.సి. అంటే ఏమిటని అడిగాను. మామ్మగారు కిటికీలోంచి చూస్తూ "ఈ ఏడు వానలు బాగా పడుతున్నాయి" అన్నారు. ఎన్నేళ్లు అడిగినా వానల సంగతే. పోనీ సోరోసిస్ సంగతి చెబుతానని నేనే ఆవిడకు పనసకాయ పాఠం చెప్పాను. బొమ్మ గీసి, తొనలు చూపించి, ఒక్కో తొన ఒక్కో పువ్వని చెబితే, ఆవిడ ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. వీళ్ల సంఘం పుట్టిన మరుసటి ఏడాది, 1868లో, న్యూయార్క్‌లో చార్లెస్ డికెన్స్‌కు ఇచ్చిన విందుకు ఆడ విలేఖరులను రానీయలేదని జేన్ కనింగ్‌హామ్ క్రోలీ తదితరులు పెట్టిన క్లబ్బు పేరు కూడా సోరోసిసే. ఆ రోజుల్లో అమెరికా ఆడవాళ్లకు వృక్షశాస్త్రం మీద ఇంత ప్రేమ ఎందుకో.

మామ్మగారికి ఒక పెద్ద కచ్చ ఉండేది. ఇండియానాలో గ్రీన్‌క్యాసిల్ అనే ఊరు. 1870 జనవరి 27న అక్కడి కాలేజీలో బెట్టీ లాక్, మరో ముగ్గురు కలిసి కాపా ఆల్ఫా థీటా పెట్టారు. మగపిల్లల సంఘం వాళ్లు బెట్టీకి తమ బ్యాడ్జీ ఇవ్వబోయారట, సభ్యత్వం మాత్రం ఇవ్వబోమన్నారట. ఆవిడ మీ బ్యాడ్జీ మీరే ఉంచుకోండి, మాది మేం చేయించుకుంటాం అంది. వాళ్లకు మొదటి నుంచీ గ్రీకు అక్షరాల పేరు. కాబట్టి మొదటి గ్రీకు అక్షరాల ఆడవాళ్ల ఫ్రెటర్నిటీ వాళ్లది. పై బీటా ఫై వాళ్లు గ్రీకు పేరుకు మారింది 1888లో గానీ కాదు. "వాళ్లకు అక్షరాలు ముందు, మాకు పుట్టుక ముందు" అనేవారు మామ్మగారు, తోడికోడలి నగల గురించి మాట్లాడుతున్నట్టు. జార్జియాలోని మేకన్‌లో 1851, 1852లోనే ఆడపిల్లల కాలేజీలో అడెల్ఫియన్, ఫిలోమాథియన్ అని రెండు సాహిత్య సంఘాలు పుట్టాయని, అవే తరువాత ఆల్ఫా డెల్టా పై, ఫై మ్యూ అయ్యాయని ఒకసారి నేను చదివి చెప్పాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇంకో పోటీ ఊళ్లోనే. 1870 అక్టోబరు 13న అదే మాన్మత్ కాలేజీలో ఆరుగురు అమ్మాయిలు జడల్లో బంగారు తాళంచెవులు పెట్టుకుని ప్రార్థన సమావేశంలోకి నడిచి వచ్చారు. అదే కాపా కాపా గామా. ఆ ఆరుగురిలో ఒకరైన మినీ స్టీవర్ట్ ఇల్లు కూడా ఊళ్లోనే ఉంది, దాన్నీ అలాగే దాచుకున్నారు. తొమ్మిది వేల మంది ఉన్న ఊళ్లో ఇలాంటి ఇళ్లు రెండు. వీళ్ల బాణం, వాళ్ల తాళంచెవి. కిరాణా దుకాణంలో తాళంచెవి ఆవిడ ఎదురైతే మామ్మగారు ఎంత తియ్యగా పలకరించేవారో, అంత తియ్యదనం నాకు ఎప్పుడూ దక్కలేదు.

ఇంతా చేసి, ఈ రెండు సంఘాలూ పుట్టిన చోట బతకలేదు. 1870లలోనే కాలేజీ రహస్య సంఘాలను నిషేధించింది. కొన్నాళ్లు దొంగచాటుగా నడిపారు. 1884లో పై బీటా ఫై మాన్మత్ శాఖ మూతపడింది. నలభై నాలుగేళ్లు తాళం. 1928లో మళ్లీ తెరిచారు, మామ్మగారు చేరింది ఆ తెరిచిన శాఖలో, 1939లో. కానీ అప్పటికి విత్తనాలు ఎక్కడెక్కడికో పోయాయి. 1868లోనే లిబ్బీ బ్రుక్ మిసిసిపీ నది దాటి అయోవాలోని మౌంట్ ప్లెజంట్‌కు వెళ్లి, అక్కడి వెస్లియన్ కాలేజీలో రెండో శాఖ పెట్టింది. ఆ శాఖలోకి కొందరికి పిలుపు వచ్చి, వాళ్ల స్నేహితురాళ్లకు రాకపోవడంతో, 1869 జనవరి 21న ఏడుగురు అమ్మాయిలు తమదంటూ వేరే సంఘం పెట్టుకున్నారు. అదే పి.ఇ.ఓ. అలిగి పెట్టుకున్న సంఘం అని మామ్మగారి మాట. అలక అయితేనేం, ఆ సంఘం కాలేజీ గోడలు దాటి ఊళ్లలోకి పాకింది. 1949 నుంచి వేరే దేశాల ఆడపిల్లలకు అమెరికాలో, కెనడాలో పైచదువుకు స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. మన పిల్లలు ఎవరైనా ఉంటే కనుక్కోండి. ఆ అయోవా వెస్లియన్ కాలేజీ 2023లో మూతపడింది. ఆ వార్త చదివిన రోజు మామ్మగారు లేరు గానీ, ఉంటే ఏమనేవారో నాకు తెలుసు: వానల సంగతి.

వాళ్ల ఆచారాల్లో నాకు బాగా నచ్చింది కుకీ షైన్. నేల మీద దుప్పటి పరిచి, మధ్యలో తినేవన్నీ రాశి పోసి, చుట్టూ కింద కూర్చుని తినడం. ఐ.సి. రోజుల నుంచీ ఉన్న అలవాటట. మామ్మగారు అది వర్ణిస్తుంటే నాకు మా హాస్టల్లో పరిచిన పాత దినపత్రిక, దాని మీద జంతికలు, సున్నుండలు, ఎవరింటి నుంచో వచ్చిన గోంగూర పచ్చడి కళ్లకు కట్టాయి. ఒక శనివారం పాత సభ్యులంతా కలిసి కుకీ షైన్ పెట్టుకున్నారు. నేను ముందు రోజు రాత్రి పదకొండింటి దాకా కూర్చుని రెండు డబ్బాల జంతికలు చేశాను. పొద్దున్నే పట్టుచీర కట్టుకున్నాను. మామ్మగారు మా గుమ్మంలో నిలబడి, డబ్బాలు అందుకుని, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, "ఇది సభ్యులకు మాత్రమే" అన్నారు.

నా జంతికలు లోపలికి వెళ్లాయి. నేను వెళ్లలేదు.

డబ్బాలు ఖాళీగా తిరిగి వచ్చాయి. ఒకదానిలో గులాబీ రంగు ఐసింగ్ పెట్టిన కుకీలు ఉన్నాయి. కోపంతో రెండు రోజులు తినలేదు, మూడో రోజు తిన్నాను. ఆ రోజుల్లో నాకు ఊళ్లో ఇంకెవరూ లేరు, కోపానికి కూడా ఆవిడే గతి.

తరువాత ఆవిడే వచ్చారు. ఊరికే రాలేదు, ఒక నేత గుడ్డ తెచ్చారు. బల్ల మీద పళ్లెం కింద వేసుకునేది, ముదురు ఎరుపు. టెనెసీ కొండల్లో గాట్లిన్‌బర్గ్ అనే చోట వాళ్ల సంఘం 1912లో ఒక బడి పెట్టింది. సంఘానికి యాభై ఏళ్లు నిండబోతున్నాయి, మనల్ని పెట్టినవాళ్ల పేరు మీద పనికొచ్చే పని ఒకటి చేద్దామని 1910లో తీర్మానించుకుని పెట్టిన బడి. కొండ ఊళ్ల పిల్లలకు చదువు, దాంతో పాటు వైద్యం, దాంతో పాటు మగ్గం. ఆ కొండ ఇళ్లలో అటకెక్కిన మగ్గాలను దింపించి, నేసినవి అమ్మి పెట్టడానికి 1926లో యారో క్రాఫ్ట్ అని దుకాణం పెట్టారు. ఆడవాళ్లు ఇంట్లోనే నేసి డబ్బు కళ్లచూశారు. ఆ బడి నుంచే పుట్టిన యారోమాంట్ చేతిపనుల కళాశాల ఇప్పుడు దేశమంతా పేరున్నది. ఈ గుడ్డ మామ్మగారి పెళ్లికి ఎవరో ఇచ్చినది. నేను లోపలికి వెళ్లి మా అమ్మ పెట్టిన మంగళగిరి చీర తెచ్చాను, నిజాం అంచుది. ఆవిడ అంచు పట్టుకుని చూసి, వెంటనే తిరగేసి వెనకవైపు చూశారు. మంగళగిరిలో బేరమాడే ఆడవాళ్లు సరిగ్గా అలాగే తిరగేస్తారు. ఆ ఒక్క పనితో నా కోపం పోయింది.

హోల్ట్ హౌస్ గోడ మీద ఆ పన్నెండు మంది ఫొటోలు ఉండేవి. గట్టిగా దువ్విన జుట్టు, మెడ దాకా బొత్తాములు, ఫొటోగ్రాఫరు నవ్వొద్దన్నట్టు ముఖాలు. అందరినీ తుడిచేదాన్ని గానీ, ఒకరి దగ్గర చేయి ఆగేది. జెన్నీ నికోల్. పన్నెండు మందిలో డాక్టరు అయింది ఆవిడ. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పుచ్చుకుంది, ఇంకా నేర్చుకోవాలని స్విట్జర్లాండ్ వెళ్లి అక్కడే 1881లో జబ్బు చేసి చనిపోయింది. అప్పట్లో అంతవరకే తెలుసు.

చాలా ఏళ్ల తరువాత, మా అమ్మ నన్ను కన్న ఆసుపత్రి గురించి మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే తగిలింది. గుంటూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు, కుగ్లర్ ఆసుపత్రి. మా అమ్మ తరం దాకా ఆడవాళ్ల పురుళ్లన్నీ అక్కడే. అన్నా సారా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చి, చిన్న గదిలో మందులివ్వడంతో మొదలుపెట్టి, 1898లో ఆసుపత్రి తెరిచి, 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఆ కుగ్లరమ్మ చదివింది పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల. పట్టా తీసుకున్నది 1879.

కంప్యూటర్ ముందు కుర్చీలో వెనక్కి వాలిపోయాను. నేను వారానికి రెండుసార్లు తుడిచిన ముఖమూ, నేను పుట్టిన గోడల మీద వేలాడిన ముఖమూ ఒకే కాలేజీ నుంచి ఒకే ఏడాది పట్టాలతో బయటికి వచ్చాయి. ఒకరు స్విట్జర్లాండ్ దారి, ఒకరు గుంటూరు దారి. మామ్మగారికి ఫోను చేసి చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. తరువాత, "అంటే నువ్వు మొదటి నుంచీ చుట్టానివే" అన్నారు. సభ్యురాలిని అని మాత్రం అనలేదు, గమనించాను.

వాళ్ల గొప్పలు చెప్పాలంటే చాలా ఉన్నాయి. అయోవాలోని ఏమ్స్‌లో చదివి, 1880లో ఆ తరగతిలో పట్టా అందుకున్న ఒకే ఒక్క అమ్మాయి క్యారీ చాప్‌మన్ క్యాట్ ఈ బాణం పెట్టుకున్నదే. ఆడవాళ్లకు ఓటు కోసం నడిచిన సంఘానికి నాయకురాలై, 1920లో ఆ హక్కు రాజ్యాంగంలోకి ఎక్కేదాకా వదల్లేదు. అధ్యక్షుడు కూలిడ్జ్ భార్య గ్రేస్ కూలిడ్జ్ కూడా. 1898లో వెర్మాంట్‌లో శాఖ మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. ఎర్ర గౌనులో, పక్కన తెల్ల కుక్కతో ఆవిడ నిలువెత్తు బొమ్మ వైట్‌హౌస్‌లో ఉంది, 1924లో హోవార్డ్ చాండ్లర్ క్రిస్టీ గీసింది, ఇచ్చింది ఈ సంఘమే. ఈ వివరాలు చెప్పేటప్పుడు మామ్మగారి గొంతులో ఆ బొమ్మకు తానే చందా వేసినంత ధీమా. అప్పటికి ఆవిడకు మూడేళ్లు.

చెప్పని సంగతులూ ఉన్నాయి. పాత సభ్యుల ఫొటోల ఆల్బం తిప్పుతూ, ఇందులో నల్లవాళ్లు ఒక్కరూ లేరేమిటని అడిగాను. ఈసారి వానల సంగతి ఎత్తలేదు. "మేం పిలవలేదు" అన్నారు. అంతే. ఆ రోజుల్లో ఇలాంటి సంఘాలన్నిటిదీ అదే తీరు. పిలవని వాళ్లు ఊరుకోలేదు. 1908లో వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి అమ్మాయిలు ఆల్ఫా కాపా ఆల్ఫా పెట్టుకున్నారు. 1913లో అక్కడే ఇరవై రెండు మంది డెల్టా సిగ్మా థీటా పెట్టి, రెండు నెలలు తిరక్కుండానే మార్చి 3న ఓటు హక్కు ఊరేగింపులో నడిచారు. మన పక్క తమిళ ఇంటి ఆడపడుచు శ్యామలా గోపాలన్ కూతురు కమలా హారిస్ హోవార్డ్‌లో చేరింది ఆల్ఫా కాపా ఆల్ఫాలోనే.

మా అమ్మాయి సంగతికి వస్తాను. పెద్ద విశ్వవిద్యాలయంలో చేరింది. నేను చెప్పిన కథలు విని పెరిగింది కదా, తనూ రష్‌కు వెళ్లింది. రష్ అంటే వారం రోజుల పెళ్లిచూపులు. ఒక్కో ఇంటికీ వెళ్లడం, ఎండలో వరసలో నిలబడటం, లోపల పాటలు, నవ్వులు, ఏం చదువుతున్నావు, మీది ఏ ఊరు. రాత్రికి ఎవరు మళ్లీ రమ్మన్నారో జాబితా వస్తుంది. మూడో రోజు దానికి నచ్చిన ఇల్లు జాబితాలో లేదు. ఏ సంఘమో ఇక్కడ చెప్పను. ఫోనులో ఏడవలేదు, "అమ్మా, నా జంతికలు కూడా లోపలికి తీసుకోలేదు" అంది. ఆ కథ దానికి ఎంత చిన్నప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు.

తరువాత అది వేరే దానిలో చేరింది. దక్షిణాసియా అమ్మాయిలది. 1998లో హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, ఆస్టిన్‌లో కాపా ఫై గామా పుట్టాయి. రెండూ ఆ ఏడాది చివర్లోనే. అంటే నేను మాన్మత్‌లో నైరుతి గది ఊడుస్తున్న ఏడాదే, టెక్సాస్‌లో మన పిల్లలు ఏవో గదుల్లో మంచాల మీదా నేల మీదా కూర్చుని తమ సంఘాలు కట్టుకుంటున్నారు. నాకు ఆ కబురు చెప్పిన వాళ్లు లేరు. మా అమ్మాయి పిన్ను చూపించింది. అర్థం ఏమిటే అని అడిగితే, "ఈ ఏడు వానలు బాగా పడుతున్నాయి కదమ్మా" అంది. దాని వీపు మీద ఒకటి వేశాను.

మామ్మగారు 2009లో పోయారు. ఆవిడ కూతురు నాకు ఆ ఎరుపు నేత గుడ్డ పంపింది, దాంతో పాటు మడతలు పడ్డ ఒక కాగితం. నేను గీసిన పనసకాయ బొమ్మ.

అది చూశాక గుర్తొచ్చింది, నిజం పనసకాయ రోజు. 2003 వేసవి. మేం అప్పటికి షికాగో దగ్గరికి మారిపోయాం. డెవాన్ అవెన్యూలో ఒక కొట్టు ముందు పనసకాయలు కనిపించాయి, మెక్సికో నుంచి వచ్చినవి. చిన్నది చూసి ఒకటి కొన్నాను, పద్దెనిమిది పౌన్లు. మరుసటి శనివారం మావారు విసుక్కుంటూనే మూడున్నర గంటలు కారు నడిపి నన్నూ దాన్నీ మాన్మత్ చేర్చారు. కారంతా పనస వాసన. మామ్మగారు వంటింటి బల్ల మీద వార్తాపత్రికలు పరిపించి, నలుగురు స్నేహితురాళ్లను పిలిచి కూర్చోబెట్టారు. ఆ మధ్యాహ్నం ఏదో సమావేశం ఉందట, అందరూ ముస్తాబై బాణాలు పెట్టుకుని ఉన్నారు.

కొబ్బరినూనె సీసా వెంట తీసుకెళ్లాను. అందరి చేతులకూ రాశాను. ఎనభై ఏళ్లు దాటిన ఐదుగురు అమెరికా ముత్తైదువలు చేతులు చాపి నూనె రాయించుకోవడం చూసి మావారు వరండాలోకి వెళ్లిపోయారు. కాయ కోశాను. మేడం గారి గొంతుతోనే పాఠం చెప్పాను: ఇది పువ్వు, ఇది పువ్వు, ఇదీ పువ్వే. మామ్మగారు తొన తీసి తిన్నారు, ఇంకొకటి తిన్నారు. తరువాత రెండు తొనల మధ్య నుంచి పీచు వేళ్లతో లాగి, వెలుతురుకు పట్టి చూసి, "ఇవి కూడానా?" అన్నారు. అవునన్నాను. దాన్ని పారేయకుండా పళ్లెం అంచున పెట్టారు.

ఇంతలో ఒకావిడ కెవ్వున అరిచింది. మామ్మగారు ముందుకు వంగినప్పుడు బాణానికి పాలజిగురు అంటింది. కాగితంతో తుడిస్తే కాగితం అతుక్కుంది. నీళ్లు పెడితే ఇంకా సాగింది. నేను ఇవ్వండని చేయి చాపాను. ఆవిడ నలుగురి ముఖాలూ చూశారు, కొక్కెం తప్పించి నా అరచేతిలో పెట్టారు. ఆరేళ్లలో దాన్ని నేను ముట్టుకోవడం అదే మొదలు. అనుకున్నంత బరువు లేదు. దూది కొబ్బరినూనెలో ముంచి, ఈకల మీది అక్షరాల సందుల్లోంచి జిగురు మెల్లగా లాగాను. ఐదు జతల కళ్లు నా వేళ్ల మీదే ఉన్నాయి. వెనక ఆవిడ పెళ్లికి ముందు పేరు చెక్కి ఉంది. చదవనట్టే తిప్పేశాను.

తిరిగి ఇస్తే అద్దం పెట్టుకుని చూసుకుని, స్వెట్టర్‌కు తగిలించుకున్నారు. టైము మించిపోతోందని అందరూ లేచారు. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగినా నూనె వదల్లేదు. ఐదుగురూ కొబ్బరినూనె వాసన వేస్తూనే సమావేశానికి వెళ్లారు.